యంత్రము వ్రాయు జాబులు

(మన సంఘపు యువజనుల ఆదివారపు సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము)



ఈ దినమున మమ్ము మాటలాడుమని కోరిన విషయము వినుటకు చిన్నదిగనే యున్నది. ఉద్యోగార్థులును, వృత్తినిపుణులును పరస్పరము పరిచయము చేసికొను లింక్డ్‌ఇన్ అను వేదికపై, మనకు బదులుగా యంత్రమే జాబులు పంపునట్లు ఏర్పాటు చేసికొనవచ్చునా, కూడదా యనునదియే ఆ విషయము. యువజన విభాగమువారు ఈ ప్రశ్నను వ్రాసి పంపినప్పుడు మా కార్యవర్గములో ఒకరిద్దరు నవ్విరి. "భాషాల్పసంఖ్యాకుల సంఘమునకు ఇదేమి పని? మన బడుల గొడవ, మన పుస్తకముల గొడవ చాలదా?" యనిరి. కాని కొన్ని నెలల క్రిందట మనలోనే జరిగిన ఒక సంగతి తెలిసినవారు మాత్రము నవ్వలేదు. ఆ సంగతి మొదట చెప్పి తక్కినది తరువాత చెప్పుదుము.

ఆ వేదికను ఎరుగని పెద్దల కొరకు రెండు మాటలు. లింక్డ్‌ఇన్ అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టి, 2003 మే నెలలో ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని 2,620 కోట్ల డాలర్లకు కొన్నది. మన దేశమున దానికి పది కోట్లకు పైబడిన సభ్యులున్నారు. ప్రతి సభ్యుడును తన చదువును, చేసిన ఉద్యోగములను అందరును చూచునట్లు అందు వ్రాసికొనును. ఒకరు మరియొకరికి ఆహ్వానము పంపుదురు. అవతలివారు అంగీకరించినచో ఇరువురును జాబులు వ్రాసికొనవచ్చును. పంపుల కర్మాగారమున పని కోరు ఇంజనీరునకు గాని, లెక్కలు చూచు ఉద్యోగము కోరు వాణిజ్యశాస్త్ర పట్టభద్రురాలికి గాని నేడు అక్కడ పేరు లేనిచో సగము దారి మూసికొనినట్లే యగుచున్నది. కావున మన పిల్లలు అందు చేరుటను మేము తప్పు పట్టము. చేరవలసినదే.

ఇక జరిగిన సంగతి. మన కుటుంబములలో ఒకదానికి చెందిన యువకుడు మెకానికల్ ఇంజనీరింగు చదివినవాడు. పేరు చెప్పము. రెండేండ్లుగా తగిన ఉద్యోగము దొరకలేదు. మిత్రుడెవరో చెప్పగా, నెలకు కొంత రుసుము తీసికొని సభ్యుని తరఫున జాబులు పంపు ఒక సాఫ్ట్‌వేరును తెచ్చుకొని, తన పాస్‌వర్డును దానికి అప్పగించెను. ఒక నమూనా జాబు వ్రాసి, పేరు రావలసిన చోట ఒక ఖాళీయు, ఉద్యోగము పేరు రావలసిన చోట మరియొక ఖాళీయు ఉంచి, తమిళనాట పంపులు, మోటార్లు, నూలుమిల్లుల రంగములలో పనిచేయు వారికెల్ల పంపుమని యంత్రమునకు ఆజ్ఞ యిచ్చెను. తాను నిద్రించుచుండగా యంత్రము పనిచేయుచుండెను. నలువది దినములలో ఐదువందలకు పైగా ఆహ్వానములు వెళ్లినవి.

వానిలో ఒకటి మన సంఘములోనే యున్న ఒక పెద్దమనిషికి చేరినది. వారు నలువది యేండ్లు మోటార్ల తయారీలో గడపి ఇప్పుడు సలహాదారుగా నున్నవారు. ఆ బాలుని కళాశాల మొదటి సంవత్సరపు రుసుము కట్టినది వారే. ఇంగ్లీషున వచ్చిన ఆ జాబు సారాంశమిది: "ప్రియమైన ఆర్, మీ వృత్తిజీవితము నన్నెంతయో ఆకర్షించినది. మీవంటి సీనియర్ కన్సల్టెంటుతో పరిచయము నాకు భాగ్యము."

ఈ "ఆర్" ఎవరని మీరడుగవచ్చును. తమిళనాట స్థిరపడిన మనవారు ఇంటిపేరును కాగితముల మీద వ్రాయుట మాని, తండ్రి పేరులోని మొదటి అక్షరమును తమ పేరునకు ముందు పెట్టుకొనుట తరతరములుగా అలవాటైనది. ఆ వేదికలో మొదటి పేరనియు, చివరి పేరనియు రెండు గడులుండును. మన పెద్దలు తమ అలవాటు చొప్పున మొదటి గడిలో ఆ అక్షరమును, రెండవ గడిలో తమ పేరును నింపిరి. యంత్రము మొదటి గడిలోనిదే పిలుచు పేరనుకొన్నది. ఇంటిపేరు, తండ్రి పేరు, తన పేరు అను మూడింటిలో ఏది పిలుచునదో మన యిండ్లలో మూడేండ్ల బిడ్డకు తెలియును. నెలనెలా రుసుము తీసికొను ఆ యంత్రమునకు తెలియలేదు.

పెద్దలు కోపింపలేదు. పిల్లవాని పొరబాటనుకొని ఆహ్వానమును అంగీకరించి, ఆ సాయంకాలమే అతని యింటికి ఫోను చేసి తండ్రితో మాటలాడిరి. తమకు తెలిసిన కర్మాగారమున ఒక ఖాళీ యున్నదనియు, అబ్బాయిని తమ వద్దకు పంపుమనియు చెప్పిరి. అబ్బాయి అప్పుడు ఊరిలో లేడు; కబురు చేరుట ఆలస్యమైనది. ఈలోగా యంత్రము తన పని తాను చేయుచునే యున్నది. ఫోనులో జరిగిన మాట దానికెట్లు తెలియును? మూడవనాడు, "నా జాబునకు మీ బదులు రాలేదు, మీకు తీరిక యుండదని యెరుగుదును" అని ఒక జాబు. ఏడవనాడు, "మీకు ఆసక్తి లేదని భావించి ఇదియే కడపటి జాబుగా వ్రాయుచున్నాను" అని మరియొకటి. ఆ పెద్దలు తమ ఫోనును మా చేతికిచ్చి, "నేను పిలిచి చెప్పితిని గదా. వీడు నన్నెవరనుకొన్నాడు?" అని మాత్రమే అడిగిరి. మేము సమాధానము చెప్పలేకపోతిమి. ఎవరనియు అనుకొనలేదు, అదే చిక్కు.

అంతటితో ముగియలేదు. ఆ వేదికవారు అతని ఖాతాను కొంతకాలము నిలిపివేసిరి. వేరొక కర్మాగారపు అధికారి, అతడు స్వయముగా చేసికొనిన దరఖాస్తును చూచి, ముఖాముఖికి రమ్మని తేదీ తెలుపుచు అదే ఖాతాకు జాబు వ్రాసియుండిరి. ఖాతా తెరుచుకొనునప్పటికి ఆ తేదీ దాటిపోయినది.

ఇందులో ఆ వేదికవారి తప్పేమైన ఉన్నదా యని చూచితిమి. సభ్యులు చేరునప్పుడు చదువకయే సమ్మతించు ఒప్పందము ఒకటి యున్నది. ఆ వేదికను బాట్లతో గాని, అనుమతి లేని ఇతర స్వయంచాలక పద్ధతులతో గాని వాడుట, పరిచయములను చేర్చుట, జాబులు పంపుట కూడదని అందు స్పష్టముగా నున్నది. వారమునకు పంపగల ఆహ్వానములకు హద్దు గలదు. ఎక్కువమంది "ఈ వ్యక్తి నాకు తెలియదు" అని తెలిపినచో ఖాతాకు ఆటంకము కలుగును. ఈ యంత్రములను అమ్మువారు, మనుష్యుడు పంపినట్లే నడుమ నడుమ ఆగి ఆగి పంపుదుమని, వేదికవారికి తెలియనీయమని చెప్పుదురు. తెలియనీయమని చెప్పి అమ్మవలసిన సరకు ఎట్టిదో మీరే ఊహింపుడు. ఇంకొక మాట. పాస్‌వర్డు ఇచ్చుట యనగా ఇంటి తాళపుచెవి ఇచ్చుటయే. మీ జాబులన్నియు, మీకు ఇతరులు నమ్మి వ్రాసిన జాబులన్నియు, మీ పరిచయస్థుల వివరములన్నియు ఊరు పేరు తెలియని ఒక సంస్థ చేతిలోనికి పోవును. మీ రహస్యము మీరిచ్చుకొనవచ్చును. ఇతరులది ఇచ్చు అధికారము మీకు లేదు.

ఐతే వేదికవారును ఈ విషయమున కడిగిన ముత్యములు కారు. 2013లో కొందరు సభ్యులు ఆ సంస్థపై కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. సభ్యుని ఈమెయిలులోని చిరునామాలకు సంస్థ అతని పేరుతో ఆహ్వానము పంపుచుండెను. అవతలివారు పలుకకున్నచో అతని పేరుతోనే మరి రెండు జ్ఞాపకపు జాబులను పంపుచుండెను. 2014లో న్యాయమూర్తి లూసీ కో, మొదటి ఆహ్వానమునకు సభ్యులు సమ్మతించిరని, తరువాతి రెండు జాబులకు సమ్మతించిరని మాత్రము చెప్పజాలమని, ఆ మేరకు వ్యాజ్యము సాగవచ్చునని నిర్ణయించిరి. ఆ నిర్ణయములో మాకు ముఖ్యముగా తోచిన అంశమొకటి కలదు. పదే పదే వచ్చు జాబుల వలన, ఇతడు ఇతరులను విసిగించువాడు, వద్దన్న సూచనను గ్రహింపలేనివాడు అను అపఖ్యాతి సభ్యునకు కలుగవచ్చునని న్యాయస్థానము గుర్తించినది. 2015లో సంస్థ తప్పు నొప్పుకొనకయే 1 కోటి 30 లక్షల డాలర్లు చెల్లించుటకు అంగీకరించి రాజీపడినది. మన పేరుతో మనకు తెలియని మాట పోయినచో దానికి వెల యున్నదని అమెరికా న్యాయస్థానము చెప్పవలసి వచ్చినది. మన పెద్దలకు ఎవరును చెప్పనవసరము లేకపోయినది.

మేము యంత్రములకు శత్రువులమని ఎవరును తలంపకుందురు గాక. కోయంబత్తూరులో నివసించుచు యంత్రమును నిందించువాడు తిన్న యింటి వాసములు లెక్కపెట్టువాడు. 1937లో దేశములో తయారైన తొలి విద్యున్మోటారుగా పేరొందిన దానిని నిర్మించినది మనవారైన జి. డి. నాయుడుగారును, డి. బాలసుందరం నాయుడుగారును. నూలుమిల్లులు, పంపులు, మోటార్లు ఈ నగరమున వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టినవి. మధురలో 1976లో పదునొకండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని స్థాపించిన డాక్టరు జి. వేంకటస్వామిగారు, ఒక వైద్యుడు ఒక దినమున చేయగల శస్త్రచికిత్సల సంఖ్యను కర్మాగారమునందలి క్రమపద్ధతులతో ఎన్నో రెట్లు పెంచిరి. కాని ప్రతి రోగి కన్నును ఒక వైద్యుడు చూచియే తీరవలెను. చూడకయే చూచితినని వ్రాసినచో ఆ పద్ధతి యెంత వేగమైనదైనను అది వైద్యము కాదు. మోటారు నీరు తోడును. నీరు తోడితినని అబద్ధమాడదు. మా అభ్యంతరము వేగమునకు కాదు. "మీ వృత్తిజీవితము నన్నాకర్షించినది" అని వ్రాసినవాడు ఆ వృత్తిజీవితమును ఒక పంక్తియైనను చదువలేదు. అక్కడ ఉన్నది అబద్ధము. ఐదువందలమందికి ఒక్కసారిగా చెప్పినందున అది చిన్నది కాలేదు.

ఇతరులచే జాబు వ్రాయించుట మనకు కొత్త గాదు. విజయనగరపు కొలువునందును, తరువాత మధుర నాయకుల కొలువునందును రాయసము అను ఉద్యోగముండెను. రాజు మాటను లిఖితమున పెట్టువాడు రాయసము. శ్రీకృష్ణదేవరాయల కాలమున రాయసము కొండమరుసయ్య వంటివారు ఆ పేరుతోనే చరిత్రకెక్కిరి. రాజు చెప్పని మాటను రాజు పేరుతో వ్రాయుట రాయసమునకు తగని పని. అంత దూరము పోనేల? మా బాల్యమున తపాలా కచేరి అరుగు మీద చదువురానివారికి జాబులు వ్రాసిపెట్టు ఒక ముసలాయన కూర్చుండెడివారు. ఆయన కలము తీయుటకు ముందు మూడు ప్రశ్న లడుగువారు: ఎవరికి? వారు నీకేమగుదురు? కడపట వారి జాబు ఎప్పుడు వచ్చినది? ఆ మూడింటికిని సమాధానము విన్న పిదపనే "క్షేమము" అని మొదలుపెట్టుచుండిరి. జాబునకు అణాయో రెండణాలో పుచ్చుకొను ఆ వృద్ధుడు అడిగిన ప్రశ్నలు నేటి యంత్రము అడుగదు. దానికి పట్టిక చాలును.

"పెండ్లిపత్రికలు అచ్చు వేయుట లేదా? వేయిమందికి ఒకే మాట పోవుట లేదా?" అని ఒక యువకుడు మమ్మడిగెను. తెలివైన ప్రశ్న. అచ్చుపత్రిక తాను అచ్చుపత్రికనని దాచుకొనదు. దానిని చూచినవాడెవ్వడును ఇది నా ఒక్కనికొరకే వ్రాసినదని భ్రమపడడు. పైగా మన స్త్రీలు ఇంటింటికిని పోయి బొట్టు పెట్టి పిలిచి, పత్రికను చేతిలో పెట్టి వచ్చెదరు. బంధువులు లెక్కించునది ఆ బొట్టును, కాగితమును కాదు. "పత్రిక తపాలాలో వచ్చినది, మనిషి రాలేదు" అని అలిగి పెండ్లికి పోని మేనమామల కథలు మన ప్రతి యింటను రెండేసి యున్నవి. ఈ సంఘపు కార్యదర్శి నెలకొకసారి అందరికిని పంపు సర్క్యులరు కూడ అచ్చుపత్రిక వంటిదే. "సభ్యులందరికిని" అని పైననే వ్రాసియుండును. దానిని యంత్రము పంపినను మాకు అభ్యంతరము లేదు. సెలవులో నున్నాను, సోమవారము బదులిత్తునని తానుగా పోవు జాబు కూడ అట్టిదే. యంత్రమని తెలిసియే చదువుదుము.

వేదికవారే కల్పించిన సదుపాయములను గూర్చి కొంత సందేహమున్నది. ఫలానావారు ఉద్యోగమున చేరి ఐదేండ్లైనది, అభినందింపుడు అని అది సూచించును. "అభినందనలు" అను మాట సిద్ధముగా నుండును. వ్రేలితో తాకినచో చాలును. 2023 నుండి రుసుము కట్టు సభ్యులకు జాబు చిత్తుప్రతిని కృత్రిమ మేధతో వ్రాసియిచ్చు ఏర్పాటును కూడ చేసిరి. ఇవి నిషిద్ధములు కావు. ఐనను ఒక్క సంగతి చెప్పెదము. మా మిత్రుడొకరు రెండేండ్ల క్రిందట కాలధర్మము చెందిరి. వారి ఖాతాను మూయవలెనని ఇంటివారికి తోచలేదు. ప్రతి సంవత్సరమును ఆ తేదీకి వారి ఉద్యోగవార్షికమునకు అభినందనలు వచ్చుచునే యున్నవి. మొన్న వారి కుమార్తె ఆ పట్టికను మాకు చూపినది. అభినందించినవారిలో ముగ్గురు వారి పదునొకండవనాటి కార్యమునకు వచ్చి భోజనము చేసి పోయినవారు. ఆ ముగ్గురును చెడ్డవారు కారు. వ్రేలు పోయిన చోటికి మనస్సు పోలేదు, అంతే. ఇట్టి సందర్భమున ఖాతాను మూయుటకో, స్మృతిచిహ్నముగా మార్చుటకో వేదికవారికి విన్నవించు అవకాశమున్నది. ఇంటివారు ఆ పని చేయవలెను.

చిత్తుప్రతిని యంత్రముచే వ్రాయించుకొనుటను మేము పూర్తిగా కాదనము. ఇంగ్లీషు తప్పులు దిద్దించుకొనుట ఉపాధ్యాయునికి చూపుట వంటిది. కాని మీరు చదువని దానిని చదివితినని, మెచ్చని దానిని మెచ్చితినని అది వ్రాసినచో ఆ పంక్తిని కొట్టివేయుడు. కొట్టివేయగా మిగులునదేమియు లేకున్నచో ఆ జాబు పంపవలసినది కాదని యర్థము.

గత సమావేశమున మేమీ మాటలే క్లుప్తముగా చెప్పగా, మధుర నుండి వచ్చిన ఒక సోదరి లేచి నిలిచి మాటలాడెను. ఆ మాటలను మేమిప్పటికిని మరువలేదు. "అయ్యా, మీకు మిల్లులలో మామలున్నారు, కంపెనీలలో అన్నలున్నారు. ఒక్క ఫోనుతో పని యగును. మా నాయన పారిశుధ్యపు పని చేసెను. మా యింటి మాట తెలుగే. మా తాతముత్తాతలు మీవారితో పాటే ఈ నేలకు వచ్చిరి. కాని మీ సంఘములలో మమ్ము ఇంటిపేరడిగినవారు లేరు. నేను నూరుమందికి వ్రాసితిని, చేతితోనే వ్రాసితిని. ఇద్దరు పలికిరి. యంత్రము పెట్టి వేయిమందికి వ్రాసినచో ఇరువదిమంది పలుకుదురేమో. నన్ను తప్పు పట్టుటకు ముందు, నేను వ్రాసిన జాబునకు బదులీయని తొంబది యెనిమిదిమందిని గూర్చి చెప్పుడు."

సభ నిశ్శబ్దమైనది. మేమును కూర్చుంటిమి.

ఆమె చెప్పినది సత్యము. సిఫారసు అను దానికి మనలో మంచిపేరు కలదు గాని, అది కలవానికే దొరకునది. పీలమేడులో పుట్టినవానికి ఒక విధముగా, కరిసెల మెట్టపొలముల నుండి వచ్చినవానికి మరియొక విధముగా, ఆ సోదరి వీధి నుండి వచ్చినవారికి వేరొక విధముగా తలుపులు తెరుచుకొనుచున్నవి. ఈ వేదిక వచ్చినప్పుడు ఇక మామలతో పని లేదని, ఎవరైనను ఎవరికైనను వ్రాయవచ్చునని చెప్పిరి. వ్రాయవచ్చును, నిజమే. బదులు వచ్చునన్న పూచీ మాత్రము ఎవరును ఇయ్యలేదు. యంత్రముల వలన ఇప్పుడు జరిగినదేమి? పెద్ద యుద్యోగమున నున్నవారికి దినమునకు పదులకొలది జాబులు ఒకే మూసలో వచ్చుచున్నవి. వారు అన్నింటిని చదువక త్రోసివేయుచున్నారు. ఆ కుప్పలో చేతితో వ్రాసిన ఈ బిడ్డ జాబును కూడ త్రోసివేయుచున్నారు. మన యువకుని ఐదువందల జాబులు మునుముందుగా నష్టపరచినది అతనివంటి వారినే, అతనికన్న ఆధారము తక్కువైన వారినే. ఇది మేము ఆమెకు చెప్పిన సమాధానములో సగము. తక్కిన సగము ఆమెకు చెప్పవలసినది కాదు. ఈ ముందువరుసలో కూర్చున్న పెద్దలకు చెప్పవలసినది.

మీలో అనేకులకు ఆ వేదికపై ఖాతాలున్నవి. కుమారుడో మనుమడో తెరచి యిచ్చినవి. ఎప్పుడైనను వానిని చూచితిరా? మేము మా ఖాతాను ఆ దినము రాత్రి తెరచి చూచితిమి. పదునేడు జాబులు బదులు లేక పడియున్నవి. వానిలో పది యంత్రము వ్రాసినవని చూడగనే తెలిసినది. ఏడు నిజమైనవి. ఒకటి ఉసిలంపట్టి నుండి ఒక విద్యార్థి వ్రాసినది, పదునాలుగు నెలల నాటిది. తన తాత మా తండ్రిగారి వద్ద పనిచేసెనని, పైచదువును గూర్చి ఒక్క సలహా కావలెనని అడిగియుండెను. మేము సిగ్గుపడితిమి. యంత్రములను నిందించు అర్హత మాకెంత యున్నదో ఆ రాత్రి తెలిసినది.

యువజనులకు పని విషయమున కొన్ని మాటలు. వారమునకు ఐదు జాబులు వ్రాయుడు, ఐదువందలు వద్దు. ఎవరికి వ్రాయుదురో వారి పుటను ముందు చదువుడు. మీ కళాశాలలో చదివినవారెవరెవరు ఏయే ఊళ్లలో, ఏయే సంస్థలలో ఉన్నారో కళాశాల పుటయే చూపును, అక్కడ మొదలుపెట్టుడు. ఆహ్వానముతో పంపు మాటకు చోటు బహు స్వల్పము, రెండు మూడు వాక్యములకు మించి పట్టదు. ఆ వాక్యములలో మీరెవరు, ఆ మనిషికే ఏల వ్రాయుచున్నారు, ఏమి కావలెను అను మూడును రావలెను. "మీరు పదేండ్ల క్రిందట చేసిన పంపు పరీక్షల పనిని చదివితిని, నా ప్రాజెక్టు కూడ అదే, పది నిమిషములు ఫోనులో మాటలాడుటకు వీలగునా?" అనునది చాలును. పొగడ్త వద్దు. అవతలివారు మనవారని తెలిసినచో ఊరి పేరొకటి చేర్చుడు. 2006 నాటి చట్టము తరువాత బడులలో తెలుగు చదువునకు వచ్చిన కష్టము మీరెరిగినదే. లిపి రానివారు మనలో చాలమంది యున్నారు. ఐనను "మాది ఫలానా ఊరండీ" అని ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినను ఆ మాట చెవిని పడగనే తెలియును. ఒకసారి జ్ఞాపకము చేయుట తప్పు కాదు. వారము పదిదినములాగి, మీ చేతితోనే చేయుడు. ఎవరికి ఎప్పుడు వ్రాసితిరో, ఎవరు ఫోను చేసిరో ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. ఆ జ్ఞాపకమును కావలసినచో యంత్రమునకే అప్పగింపుడు. ఫలానా దినమున ఫలానావారికి వ్రాయవలెనని అది గంట కొట్టును. గంట కొట్టుటకు అది తగినదే.

ఇప్పటికే పాస్‌వర్డు ఇచ్చుకొనినవారు నేడే దానిని మార్పుడు. బ్రౌజరులో చేర్చుకొనిన ఆ సాఫ్ట్‌వేరును తీసివేయుడు. ఖాతా ఎక్కడెక్కడ తెరచియున్నదో అమరికలలో కనబడును. తెలియని చోట్లనెల్ల మూయుడు. బదులు రాక మిగిలిన ఆహ్వానములను వెనుకకు తీసికొనుడు. ఒకసారి వెనుకకు తీసికొనినచో అదే మనిషికి మూడు వారముల వరకు మరల పంపుటకు వీలుండకపోవచ్చును. కావున ముఖ్యమైనవారి ఆహ్వానములను ఆలోచించి తీయుడు. మీకు వచ్చు జాబులలోను యంత్రములున్నవని మరువకుడు. ఉద్యోగము సిద్ధము, ముందు రుసుము కట్టుమని వచ్చిన జాబు ఏ పెద్దసంస్థ పేరుతో వచ్చినను నమ్మవలదు.

ఆ యువకుని సంగతి ముగింపక వదలినచో మీరు మమ్ము వదలరు. విషయము తెలిసిన దినముననే అతడు ఆ పెద్దల ఇంటికి పోయెను. వారు లోనికి పిలిచి, మజ్జిగ ఇప్పించి, "ఏమి నాయనా, నేను ఆర్‌నా?" అని అడిగిరట. అతడు తల వంచుకొని నిలిచెనట. ఆ కర్మాగారపు ఖాళీ అప్పటికే నిండినది; దానిని ఎవరును తిరిగి తేలేరు. ప్రస్తుతము అతడు వేరొక చోట శిక్షణలో నున్నాడు. జీతము స్వల్పము. తన జాబులను తానే వ్రాయుచున్నాడు. ఈ సంగతిని పేరు చెప్పకుండ చెప్పుటకు అనుమతి నిచ్చినవాడు కూడ అతడే.

ఇక కార్యవర్గము నిర్ణయించిన విషయము. వచ్చు ఆదివారము మొదలుకొని ఉదయము పది గంటల నుండి పదునొకండు వరకు సంఘపు కార్యాలయమున, ఖాతాలు గల పెద్దలు తమ తమ ఫోనులతో వచ్చి కూర్చుండి, తమకు వచ్చిన నిజమైన జాబులకు బదులు వ్రాయుదురు. పని లేదన్నచో లేదనియే వ్రాయుదురు, ఊరక యుండరాదు. ఇంతవరకు పదునాలుగుమంది పేర్లిచ్చిరి. మధురలోను ఇట్టిదే జరుపుటకు అక్కడివారు ఒప్పుకొనిరి. ఏ సోదరి మమ్ము నిలదీసెనో ఆమెయే అక్కడి పట్టికను వ్రాయుటకు అంగీకరించినది. ఏ వీధినుండి వచ్చినవారి జాబైనను ఆ పట్టికలో చేరును. ఉసిలంపట్టి విద్యార్థికి మేము వ్రాసిన బదులునకు నిన్న సమాధానము వచ్చినది. అతడు పైచదువునకు పోలేదు. తిరుప్పూరులో పనిలో చేరినాడు. సలహా ఇప్పుడైనను కావలెనని వ్రాసినాడు. ఈ సమావేశము ముగియగానే అతనికి ఫోను చేయవలసియున్నది. కావున మాకు సెలవిప్పింపుడు.